నట్టలకు మూలికలు: పరీక్షించు విధము



గొఱ్ఱెలకును మేకలకును నట్టలు పట్టినప్పుడు మోదుగగింజలు, వాయువిడంగములు, వేపాకు నూరి త్రాగించుట మన గ్రామములలో తరతరములుగ నున్న యాచారము. మోదుగగింజలకు, విడంగములకు క్రిమిఘ్నగుణము కలదని ఆయుర్వేదము చెప్పుచున్నది. ఇవి నట్టలను నిజముగ చంపునా? చంపునని యెట్లు తెలియును? ఈ సంగతిని నేడు మనవి చేయుదును.

ముందు శత్రువు నెఱుగవలెను. నట్టలలో మిక్కిలి హానికరమైనది హీమాంకస్ అను పురుగు. ఇది జీవముయొక్క నాల్గవ పొట్టలో చేరి రక్తము పీల్చును. ఒక్కొక్క పురుగువలన దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తము నష్టమగును. పురుగులు 5,000 చేరినచో దినమునకు పావులీటరు పోవును. కంటిరెప్ప లోపల తెల్లబడును. దవడక్రింద నీరు దిగును. తుదకు జీవము కూలును. ఆడుపురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో బయటపడి, తడినేలలో పిల్లలై, గడ్డిపైకి ప్రాకి, మరల మేతతో లోనికి పోవును.

దీనికి ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ మున్నగు మందులు కలవు. కాని ఒకే మందును మాటిమాటికి, చాలీచాలని మోతాదున పోయుటచేత దానికి లొంగని నట్టలు అనేకదేశములలో పుట్టినవి, మనదేశమునను కనబడినవి. అందుచేత శాస్త్రజ్ఞులు మూలికలవైపు శ్రద్ధగా చూచుచున్నారు.

పరీక్షకు రెండు మెట్లు కలవు. మొదటిది గాజుపాత్రలో జరుగును. పెంటికలనుండి గ్రుడ్లను వేఱుచేసి, మూలికారసమును పలుపాళ్లలో కలిపి, 48 గంటల పిమ్మట ఎన్ని గ్రుడ్లు పిల్లలైనవో సూక్ష్మదర్శినితో లెక్కింతురు. ప్రక్కనే మంచినీటిపాత్ర యొకటి, తెలిసిన మందు గల పాత్ర యొకటి యుంచుదురు. మంచినీటిలోని గ్రుడ్లును చెడిపోయినచో ఆ ఘనత మూలికకు చెందదు గదా!

రెండవమెట్టు జీవములమీదనే. గాజుపాత్రలో గెలిచిన మూలిక కడుపులో ఓడిపోవచ్చును. మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దానిని మార్చివేయవచ్చును. నాల్గవ పొట్టను చేరులోపల అది పలుచబడవచ్చును. వేపాకురసము పాత్రలో గ్రుడ్లను పిల్లలు కానీయలేదు. కాని బ్రెజిలుదేశమున 2006లో ప్రకటించిన పరీక్షలో ఎండిన వేపాకు తిన్న గొఱ్ఱెలకు నట్టలు తగ్గలేదు. కావున మందను మూడు భాగములు చేసి, ఒకదానికి మూలికను, ఒకదానికి తెలిసిన మందును ఇచ్చి, మూడవదానికి ఏమియు ఇయ్యక, ముందును, రెండువారముల పిమ్మటను పెంటికలలోని గ్రుడ్లను లెక్కింపవలెను. ఋతువు మారుటచేతనే గ్రుడ్లు తగ్గుట కలదు. ఆ మూడవభాగము లేనిదే ఆ భేదము తెలియదు. మూలిక జీవమునకే విషము కాకుండుటయు చూడవలెను.

ఇట్లనుటచే పెద్దలమాట వ్యర్థమని తలపరాదు. చీనాదేశమున తూ యూయూ అను విదుషి మలేరియాకు మందు వెదకుచు మాచిపత్రిజాతి మొక్కనొకదానిని పరీక్షించెను. ఫలితము నిలుకడగ లేకపోయెను. నాల్గవ శతాబ్దినాటి వైద్యగ్రంథమును మరల చదువగా, ఆ మొక్కను నీటిలో నానబెట్టి పిండి త్రాగుమని యుండెను, కాచుమని లేదు. వేడిచే గుణము నశించుచున్నదని ఆమె యూహించి, తక్కువవేడిలో సారము తీసి, 1971లో ఎలుకలమీదను, కోతులమీదను పరీక్షింపగా ఆ క్రిములు పూర్తిగా నశించినవి. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. గ్రంథము దారిచూపెను, ఆ దారి సరియైనదని పరీక్ష తేల్చెను.

కావున మీ యూరి వృద్ధకాపరి యెఱిగిన మూలిక పేరు, వాడుభాగము, కోయు ఋతువు, నూరు విధము, మోతాదు వ్రాసియుంచి పశువైద్యునకు తెలుపుడు. అతడు పోయిన వెనుక అడుగుటకు ఎవరును మిగులరు. కాని కంటిరెప్ప తెల్లబడిన జీవమును మాత్రము పరీక్షకై నిలుపకుడు. దానికి పశువైద్యుడు చెప్పిన మందునే, తూకమునకు తగిన మోతాదున, వెంటనే పోయింపుడు.