మాండలిన్ శ్రీనివాసుగారును శక్తి బృందమును
(సమాజ సభలో గావించిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము మన మిచట గుమిగూడినది మాండలిన్ శ్రీనివాసుగారిని స్మరించుకొనుటకు. 2014 వ సంవత్సరము సెప్టెంబరు 19 వ తేదీన ఆయన చెన్నపట్టణమున దివంగతులైరి. కాలేయమునకు వ్యాధి సోకగా మార్పిడి శస్త్రచికిత్స జరిగినది; కాని ప్రాణము దక్కలేదు. అప్పటి కాయన వయస్సు నలువదియైదేండ్లు మాత్రమే. సంగీత విద్వాంసునకు నలువదియైదేండ్లు ఫలములు పండు వయస్సు. ఆ వయస్సున చెట్టే కూలినది.

నన్ను మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను వెనుకాడితిని. నాకు సంగీతశాస్త్రమున ప్రవేశము లేదు. వినికిడి మాత్రమే కలదు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి. ఈ విషయమున నేను చేసిన తప్పొకటి యున్నది. దానిని మీ యెదుట చెప్పుకొననిదే ఈ ప్రసంగము నిజమైనది కాజాలదు. కనుక ముందుగా దానినే చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట ఉగాది ఉత్సవమునకు ముందు మన పిల్లలు నలుగురు కార్యవర్గము కడకు వచ్చిరి. వారి చేతులలో రెండు విద్యుద్గిటార్లు, వెనుక డ్రమ్ములు. త్యాగరాజస్వామివారి కృతి నొకదానిని తమ వాద్యములపై వినిపించెదమనియు, పది నిమిషము లిచ్చిన చాలుననియు వారి కోరిక. కార్యవర్గమున నేనొకడను. ఇది తెలుగువారి ఉగాదియే కాని రాక్ కచేరీ కాదని వలదన్నవారిలో నా గొంతే పెద్దది. పిల్లలు మారుమాట లాడలేదు. వాద్యములు సంచులలో పెట్టుకొని వెడలిపోయిరి. మరుసటి యేడాది వారిలో నొక్కడును మన సభకు రాలేదు. నేను దానిని గమనింపనైనను లేదు.

తరువాత నొక ఆదివారము ఆ పిల్లలలో నొకని తండ్రి మా యింటికి వచ్చెను. కోపపడుటకు రాలేదు. "అన్నగారూ, మీ రిది యొక్కసారి వినవలయును" అని మాత్రమనెను. వినిపించినది 'రిమెంబర్ శక్తి' బృందము 2000 వ సంవత్సరము డిసెంబరులో ముంబయిలో చేసిన కచేరీ. అందులో 'గిరిరాజ్ సుధ' అను పేరుతో నొక పాట కలదు. ఆంగ్లలిపిలో పడి 'సుత' యనునది 'సుధ' యైనదే కాని, ఆ పాట మన త్యాగరాజస్వామి బంగాళరాగమున రచించిన వినాయకస్తుతి. శంకర్ మహదేవన్ పాడుచుండగా, ప్రక్కన ఒక ఆంగ్లేయుని విద్యుద్గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజిర, వాని నడుమ మన పాలకొల్లు బిడ్డ మాండలిన్. వేలమంది శ్రోతలు తాళము వేయుచు కేకలిడుచున్నారు. నేను వలదన్నది ఏదియో అదియే అది. పాట ముగియువరకు నేను తలయెత్తలేదు.

ఆనాటి నుండి నేను శ్రీనివాసుగారి సంగీతమును వెదకి వెదకి వినుచున్నాను. విన్నకొలది నాకు తెలిసివచ్చిన నాలుగు సంగతులు నేడు మీతో పంచుకొందును.

శ్రీనివాసుగారు 1969 ఫిబ్రవరి 28 వ తేదీన పశ్చిమగోదావరి మండలము పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాయించువారు. మాండలిన్ కూడ ఇంట నుండెను. ఆరేండ్ల ప్రాయమున బాలుడు దానిని చేతబట్టెను. కుమారుని నేర్పు గమనించి తండ్రి తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారి కడకు చేర్చెను. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు. ఇచట నొక విశేషము కలదు. గురువుగారికి మాండలిన్ వాయించుట తెలియదు. ఆయన పాడును, శిష్యుడు ఆ పాటను తంత్రిపై పలికించును. వ్రేలెచట పెట్టవలయునో, ఎట్లు మీటవలయునో చెప్పువారు లేరు. గురువు కంఠమునుండి వచ్చిన గమకము తన వాద్యమున ఎట్లు వచ్చునో శిష్యుడే కనుగొనవలయును. చేతిపద్ధతిని అనుకరించుటకు వీలులేకపోవుటచే ఆ బాలుడు కంఠమునే అనుకరించెను. ఆయన మాండలిన్ పాడినట్లుండుటకు మూల మిచటనే యున్నదని నా నమ్మకము.

1978 లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున తొమ్మిదేండ్ల వయస్సున తొలి కచేరీ. 1981 లో, పండ్రెండేండ్ల వయస్సున, మదరాసులో తొలి కచేరీ. 1983 లో బెర్లిను జాజ్ ఉత్సవము. పదునాలుగేండ్ల బాలుడు జాజ్ శ్రోతల యెదుట కర్ణాటక సంగీతము వినిపించెను. 1998 లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను.

ఇంతకును మాండలిన్ మన వాద్యమా? కాదు. ఇటలీ దేశమున పెరిగిన వాద్యము. అందుకే ఆదిలో సంశయించినవారు లేకపోలేదు. అయితే వయొలిన్ మాత్రము మన వాద్యమా? ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతమునకు తెచ్చిరి. మన విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేత నది పలికినప్పుడు, అది పరదేశపు పెట్టె యని ఎవరైన ననగలిగిరా? శ్రీకాకుళ విజయనగర విశాఖ మండలముల నుండి ఈ యూరికి వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో నాయుడుగారి పేరు వినని యిల్లుండదు. వాద్యము ఎచట పుట్టినదనునది ప్రశ్న కాదు. అది మన మాట పలుకునా యనునదే ప్రశ్న.

మన మాట పలుకుటకు మాండలిన్ ఏల మొరాయించెను? ఇది ఉక్కునగరము, ఈ సభలో లోహముల గుణములు తెలిసినవారు పెక్కండ్రు కలరు. కనుక ఈ సంగతి కొంత వివరించెదను. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగెలు; అవి నాలుగు జంటలు. జంటలోని రెండును ఒకే శ్రుతిలో నుండును. తీగెను ప్రక్కకు లాగిన బిగువు హెచ్చును. బిగువు హెచ్చిన స్వరము పైకి లేచును. వీణపై గమకము పుట్టుట కిదియే ఆధారము. కాని జంటతీగెలను లాగినప్పుడు రెండును సమముగా బిగియవు. ఒకటి యొక స్వరమును, రెండవది దాని ప్రక్క స్వరమును పలుకును, శ్రుతి చెడును. రెండవ చిక్కు: మాండలిన్ చిన్న వాద్యము. మీటిన నాదము క్షణములో నణగారిపోవును. గమకము ఊగుటకు కొంత కాలము కావలయును. అది ఊగులోపల నాదమే లేకపోయిన ఊగున దేమి?

మొదటి చిక్కునకు శ్రీనివాసుగారు జంటలను విడిచి ఐదు ఒంటితీగెలను బిగించుకొనిరి. రెండవ చిక్కునకు విద్యుత్తు నాశ్రయించిరి. ఉక్కుతీగె క్రింద నొక అయస్కాంతము, దానిచుట్టు సన్నని రాగితీగె చుట్ట యుండును. ఉక్కు కదలినప్పుడు అయస్కాంతక్షేత్రము మారును. ఆ మార్పుచే చుట్టలో విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచి లౌడుస్పీకరునకు పంపును. తీగెలో మిగిలిన సన్నని కదలిక కూడ చెవికందును. చెక్క పెట్టెలో చచ్చిపోవు నాదము ఇట్లు బ్రదికి, గమకము పూర్తియగువరకు నిలుచును.

ఇది గమనింపదగినది. రాక్ గిటారు పలుకుటకు మూలమైన యంత్రమే ఇదియును. నే ననుకొన్నట్లు శ్రీనివాసుగారు వేషము కొరకు విద్యుద్వాద్యము పట్టలేదు. త్యాగరాజకృతిని త్యాగరాజకృతిగా వినిపించుటకే దానిని పట్టిరి. సంప్రదాయమును పాటింపవలయునన్న పట్టుదలయే ఆయనను క్రొత్త పరికరమునకు చేర్చినది. ఆ పరికరమే తరువాత ప్రపంచపు గిటారు వాద్యకారులతో కూర్చుండుటకు త్రోవ చూపినది.

ఆ త్రోవయందలి ముఖ్యమైన మజిలీ శక్తి బృందము. జాన్ మెక్‌లాఫ్లిన్ 1942 లో ఇంగ్లండులోని యార్క్‌షైరున జన్మించిన గిటారిస్టు. 1971 లో ఆయన స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రా రాక్ సంగీతపు ధాటిని జాజ్‌తో కలిపి పేరొందినది. తరువాత ఆ హోరును విడిచి, జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటము విక్కు వినాయకరామ్ గారలతో శక్తి బృందమును కట్టి 1970 దశకమున కచేరీలు చేసెను. 1997 లో అది 'రిమెంబర్ శక్తి' యను పేరున మరల మొలకెత్తినది. కొలదికాలమునకే శ్రీనివాసుగారును, వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశును, పిమ్మట శంకర్ మహదేవనును చేరిరి. అంతకుముందే, 1995 లో, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి శ్రీనివాసుగారు 'డ్రీమ్' అను రికార్డు చేసియుండిరి.

ఈ బృందపు రికార్డులు వినువారికి నొక చిన్న మనవి. గిటారు, మాండలిన్ ఒకదాని తరువాత నొకటి ప్రశ్నోత్తరములుగా సాగు చోటులను శ్రద్ధగా వినుడు. మెక్‌లాఫ్లిన్ వేగముగా నొక వాక్యము పలుకును. శ్రీనివాసుగారు దానికి సమాధానము చెప్పును. ఆ సమాధానమున తొందర యుండును గాని తొట్రుపాటుండదు. తరువాత నా వాక్యపు తుది స్వరమును మెల్లగా ఊపి విడుచును. ఆ ఊపులో సుబ్బరాజుగారి కంఠము కలదు. ఆ పెద్ద వేదికపై, ఆ దీపముల క్రింద, పాలకొల్లు మారలేదు. తన స్వరమును వదలుకొనకుండ ఇతరుల నడుమ కూర్చుండుట యన నేమో నాకు ఆ తుది స్వరమున తెలిసినది.

నెమ్మదియైన ఆయన స్వభావమును గూర్చి అభిమానులందరును నొకేరీతి చెప్పుకొందురు. కచేరీ యంతయు చిరునవ్వుతో సాగును. వేళ్ళు మెరుపువలె కదలుచున్నను ముఖమున శ్రమ కనబడదు. మనలో కొందరు ఎనుబదులలో వచ్చిన కాసెట్లను నేటికిని దాచుకొనియున్నారు. నేడు వానిలో రెండింటిని తెచ్చినవారు ఈ సభలో నున్నారు. వాయించు యంత్రము మాత్రము ఎవరియింటను లేదు. ఆ రికార్డింగులనే పిల్లలు తమ ఫోనులలో క్షణములో వెదకి మనకు వినిపించిరి. పెద్దలు దాచినది, పిల్లలు పలికించినది!

ఆయన పోయిన పిదప శక్తి బృందము మరల కూడినది. మాండలిన్ ఉండిన చోట మరియొక మాండలిన్ రాలేదు. గణేశ్ రాజగోపాలన్ గారి వయొలిన్ వచ్చినది. 2023 లో వెలువడిన 'దిస్ మొమెంట్' అను వారి రికార్డునకు 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానము లభించెను. ఆ యేడాది డిసెంబరు 15 న జాకిర్ హుస్సేన్ గారును వెడలిపోయిరి. ఆ ముంబయి కచేరీ నేడు వినుచున్నప్పుడు తబలాయు మాండలినును ఒకదానినొకటి పలుకరించుకొను చోట నా కన్నులు చెమర్చును. తమ్ముడును శిష్యుడునైన రాజేశ్ గారు మాండలిన్‌ను నేటికిని పలికించుచుండుట మనకు ఊరట.

సోదరులారా, మన తాతలు ఈ సువర్ణరేఖ యొడ్డునకు వచ్చినప్పుడు వారి చేతులకు కొలిమి క్రొత్త, ఊరు క్రొత్త, భాష క్రొత్త. కాని బిష్టుపురమున రామమందిరము కట్టుకొనిరి. కదమాలో ఆంధ్ర సంఘమును, పాఠశాలను నిలుపుకొనిరి. ఇతరుల నడుమ నుండి తమ స్వరమును పోగొట్టుకొనలేదు. కాని మన పిల్లలకు తెలుగు ఇంటిలో వినబడు భాషయే కాని బడిలో చదువు భాష కాదు. వారు గిటారు పట్టినది తెలుగును విడుచుటకని నేను తలచితిని. వారు తమ చేతికందిన వాద్యముపై తెలుగును వెదకుచుండిరని నాకు తోచలేదు. త్యాగరాజకృతిని వారే ఎన్నుకొనిరి, మనము చెప్పలేదు. గురువునకు తెలియని వాద్యమును శిష్యుడు పట్టినప్పుడు సుబ్బరాజుగారు వలదనియుండిన నేడు మన కీ సభ యుండెడిది కాదు. ఆయన పాడిరి, పిల్లవానిని వెదకుకొననిచ్చిరి. పెద్దలు చేయవలసిన పని అంతియే యని నాకిప్పుడు తోచుచున్నది.

ఆ నలుగురిలో ఇద్దరు ఉద్యోగములకై బెంగుళూరు, పుణె వెడలిపోయిరి. వారికి నే నీయవలసిన పది నిమిషములు ఇక ఈయజాలను. తక్కిన యిద్దరు ఈ యూరనే యున్నారు. గడచిన వారము నేనే వారి యిండ్లకు పోయి క్షమింపుమని యడిగితిని. ఒకడు నవ్వి, గిటారు తీగెలు త్రుప్పుపట్టినవి, మార్చవలయును మామయ్యగారూ అనెను. రెండవవాడు ఆలోచించి చెప్పెదననెను. రాబోవు ఉగాది సభలో వారికి అర్ధగంట కేటాయింపవలయునని కార్యవర్గమునకు ఈ వేదిక నుండి మనవి చేయుచున్నాను. తీగెల వెల నాది.