పేటలోని తలుపుల లెక్క

(మన సంఘపు నెలసరి సభలో వర్తకులైన ఒక సభ్యులు చేసిన ఉపన్యాసము)



నేను ఉపన్యాసకుడను కాను. పదవ తరగతి పరీక్ష ముగిసిన మరుసటి వారమే మా నాయనగారు నన్ను అంగడిలో కూర్చుండబెట్టిరి. నాటినుండి నేను చదివినది చిట్టా, వ్రాసినది ఆవర్జా. మన కార్యదర్శిగారు వచ్చి, పావగడ పేట మారిపోవుచున్నది, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కోరినప్పుడు రెండు దినములు తప్పించుకొని తిరిగితిని. మూడవనాడు ఉదయము అంగడి తెరువకముందే బయలుదేరి బస్సు నిలయమునుండి శని మహాత్ముని గుడివరకు నడచి, ఏ తలుపు మూసియున్నది, ఏ తలుపు క్రొత్తది అని చూచుకొనుచు వచ్చితిని. నాకు తెలిసిన పరిశోధన అంతమాత్రమే.

మా వరుసలో తొమ్మిది అంగళ్ళున్నవి. మా నాయనగారి కాలమునాటివి వానిలో మూడు మాత్రమే మిగిలినవి. తక్కిన ఆరు చోట్ల నేడు సెల్‌ఫోనుల అంగడి ఒకటి, దానిని బాగుచేయునది ఒకటి, బంగారముపై అప్పులిచ్చునది ఒకటి, మందుల అంగడి, బేకరీ, ఫ్లెక్సుబోర్డులు అచ్చువేయు దుకాణము. పూర్వమక్కడ పగ్గములు, మోకులు అమ్మువారుండిరి, కుండలవారుండిరి, మేము "గడియారాల తాత" అని పిలుచు ఒక వృద్ధుడుండెను. ఆయన అంగడి వెడల్పు మూడడుగులు. ఆయన గతించిన దినమున ఆ తలుపు మూయుటకు పెద్ద బీగము కూడ అవసరము లేకపోయినది.

అంగడి మూతపడినదనగానే మనము యజమాని చేతకానివాడనియో, కాలము చెడినదనియో అనుకొందుము. రెండును తొందరపాటు మాటలే. ఒక్కొక్క తలుపు వెనుక ఒక్కొక్క కారణము కలదు.

ముందుగా మన ఊరి ఉనికిని తలచుకొందము. మన తాలూకాకు మూడువైపుల ఆంధ్రప్రదేశమే. పడమట మాత్రము చిత్రదుర్గము జిల్లా తగిలియున్నది. మన జిల్లా ముఖ్యపట్టణమైన తుమకూరునకు పోవలెనన్న మడకశిర వైపున ఆంధ్రభూమిని దాటిపోవుచున్నాము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినను, 1956లో రాష్ట్రముల ఎల్లలు మారినను, మన సంతకు వచ్చు రైతు ఆ గీతను చూడలేదు. రొద్దము వైపువారు, మడకశిర వైపువారు, కళ్యాణదుర్గము వైపు పల్లెలవారు మా అంగడికి వచ్చి బెల్లము, పప్పులు, విత్తనకాయలు కొనిపోవుచుండిరి. వారిలో కొందరు చిల్లర వర్తకులు. సైకిలు మీద రెండు మూటలు వేసికొనిపోయి తమ పల్లెలో అమ్ముకొని, మరల వచ్చినప్పుడు పైకము కట్టుచుండిరి.

2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినది. రోడ్లపైనున్న అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు తొలగినవి. అందరము సంతోషించితిమి. కాని ఆ గీత రోడ్డుమీదినుండి లేచివచ్చి మా బిల్లు పుస్తకములో కూర్చున్నదని కొన్ని నెలలకుగాని తెలియలేదు. చిన్న వర్తకులకు లెక్కల శ్రమ తగ్గించుటకు కాంపొజిషన్ అను పద్ధతి యున్నది గదా. అమ్మకముపై నూటికి ఒక రూపాయి కట్టినచో చాలును. ఆ పద్ధతిలో నున్నవాడు మాత్రము పొరుగు రాష్ట్రమునకు సరకు అమ్మరాదు. బెంగుళూరు నడిబొడ్డున నున్న చిన్న అంగడివానికి ఈ నిబంధన తగలనే తగలదు. మనకో, పది పన్నెండు మైళ్ళలోని పల్లె పొరుగు రాష్ట్రమాయెను. రొద్దము వైపు సైకిలు వర్తకునికి సరకు పంపవలెనన్న పెద్ద పద్ధతిలోనికి మారి, నెలనెలా లెక్కలు దాఖలు చేసి, అందుకు ఒక గుమాస్తాకు జీతమియ్యవలసియుండెను. మేము మారితిమి. మారలేనివారు ఆ వ్యాపారమును వదలుకొనిరి. మా వరుసలోని పప్పుల అంగడి ఆ విధముగనే సన్నగిల్లినది. చట్టము చేసినవారికి మనపై కోపమేమియు లేదు. పటములో మన తాలూకా ఆకారము వారి కంటబడలేదు, అంతే.

ఇక వేరుశెనగను గూర్చి చెప్పక తప్పదు. ఇది కొంచెము పెద్దకథ, ఓపికపట్టవలెను. మనవారి మాటలో చెనిక్కాయ. మన పేటకు ప్రాణము అదే. ముంగారు వానలకు విత్తుట, కార్తీకము దాటువరకు కాయ ఇంటికి చేరుట. ఈ మధ్యకాలమంతయు పల్లె మా ఆవర్జాలో బ్రదుకుచుండెను. విత్తనకాయలు అరువు, పండుగబట్టలు అరువు, పెండ్లి సరకులు అరువు. కాయ రాగానే మండీలో తూకమువేసి, పద్దు కొట్టివేసి, మిగిలినది చేతికిచ్చుట. వర్తకుడు లాభపడలేదని నేను బొంకను. వడ్డీ మా నాయనగారును పుచ్చుకొనిరి. ఐనను వాన తప్పిన యేట రైతుతోపాటు వర్తకుడును మునిగెడివాడు. కనుక మేమును ఆకాశమువైపే చూచుచుంటిమి.

1994లో పామాయిలు దిగుమతిపై ఆంక్షలు సడలినవి. పాకెట్లలో చౌకనూనె అంగడికి వచ్చినది. దానిని అమ్మినవారమును మేమే. ఆ సంగతి దాచను. గానుగలు, నూనెమిల్లులు ఒకటొకటిగ తలుపులు వేసికొనుచుండగా మేము పాకెట్లు పేర్చుకొనుచుంటిమి. అటుపైన 2002 వంటి కరవు సంవత్సరములు వచ్చినవి. ఆడవారు, మగవారు మూటలు కట్టుకొని బెంగుళూరునకు కట్టడపు పనులకు పోయిరి. విచిత్రమేమనగా ఇప్పుడు కట్టెగానుగ నూనె ఆరోగ్యమని బెంగుళూరువారు రెండింతలు, మూడింతలు వెలపెట్టి కొనుచున్నారు. గానుగ మరల తిరుగుచున్నది, కాని మోటారుతో.

తరువాత ఎండ పంట వచ్చినది. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తి శక్తి సంపాదించినది. భూమిని కొనలేదు. గుత్తకు తీసికొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకమారు నూటికి అయిదు వంతున పెంపు. రైతు భూమి రైతుదిగానే నిలిచినది. ఈ ఏర్పాటు మంచిదని నా అభిప్రాయము. వాన రాని నేలకు ఏటేట కిరాయి వచ్చుట చిన్న సంగతి కాదు.

కాని పేటలో కూర్చున్నవానికి మరియొక సంగతి కనిపించును. రెండెకరములున్న రైతునకు తొలియేట 42,000 రూపాయలు బ్యాంకులో పడినవి. అతడు నా యొద్ద విత్తనకాయలు అరువు కొననక్కరలేదు. కాయ తెచ్చి తూకమువేయనక్కరలేదు. భూమిలేని కూలివానికి కలుపుతీయుట పోయినది, కాయ ఒలుచుట పోయినది, గుత్తసొమ్ము మాత్రము రాలేదు. పలకలు కడుగుట, గడ్డి కోయుట, కావలి కాయుట — ఈ పనులు కొందరికి దొరకినవి. తక్కినవారు బస్సెక్కిరి. వారమునకొకమారు పావుకిలో పప్పు, అర్ధకిలో బెల్లము కొనువాడు కూలివాడే గదా! వాని సంచితో నిలిచిన చిన్న అంగళ్ళు ముందుగా మూతపడినవి. మోటారు సైకిళ్ళ దుకాణములు, సిమెంటు, టైల్సు దుకాణములు తెరచుకొన్నవి. మా గోదాము ఖాళీ అయినది. దాని గోడలకు నేటికిని చెనిక్కాయ వాసన వదలలేదు.

గుడివీధిని గూర్చి రెండే మాటలు. అక్కడి నూనె, నల్లబట్ట, కర్పూరపు అంగళ్ళు శనివారముమీద బ్రదుకును. శ్రావణ శనివారములు వారి కోతకాలము. 2020 మార్చి 25న దేశము మూతపడినప్పుడు, జూన్ 8న గుళ్ళు తెరచువరకు వారికి శనివారమే లేకపోయినది. కొందరు తిరిగివచ్చిరి, కొందరు రాలేదు.

ఇట్టి మార్పులు మనకు మాత్రమే అని దుఃఖింపనక్కరలేదు. బెంగుళూరు గాంధీనగరమున కపాలి టాకీసు 1968లో తెరచినప్పుడు అంతటి పెద్ద తెర చుట్టుప్రక్కల లేదనిరి. అది 2017లో మూతపడినది. 1924లో పుట్టిన మావళ్ళి టిఫిన్ రూమ్స్ సంగతి ఇంకను వినదగినది. యుద్ధకాలములో బియ్యము కరవైనప్పుడు వారు రవ్వతో ఇడ్లీ వండిరి. ఎమర్జెన్సీ కాలములో ఫలహారముల ధరలు మిక్కిలి తగ్గింపవలెనని ప్రభుత్వము శాసించినప్పుడు, నాసిరకము పెట్టుటకు ఇష్టపడక హోటలు మూసి, ఆ పనివారితోనే పిండ్లు, పొడులు తయారుచేసి అమ్మిరి. కొన్ని యేండ్లకు హోటలును మరల తెరచుకొన్నది. నేను మా అంగడి గద్దె మీద కూర్చుండి ఈ కథను పలుమారులు తలచుకొందును.

ఇక మన సంఘమునకు దగ్గరి విషయము. 2024లో అంగడి బోర్డులపై నూటికి అరువది పాళ్ళు కన్నడముండవలెనని చట్టము వచ్చినది. నేను ఆనందముగ ఒప్పుకొంటిని. మనము తినుచున్నది కన్నడనాటి తిండి, మన పిల్లలు చదువుచున్నది కన్నడము. మిగిలిన నలుబదిలో తెలుగు వరుసకు చోటు ఉండనే ఉన్నది. మా క్రొత్త బోర్డుపై "నిత్యావసర సరకులు" అని తెలుగున వ్రాయించితిని. ఫ్లెక్సు దుకాణమువారు ఒక "ర" మ్రింగివేసి "నిత్యావస సరకులు" అని అచ్చువేసిరి. నేను తొందరలో చూడక వ్రేలాడదీయించితిని. నెల దినములు ఆ బోర్డు వీధికెదురుగ నుండెను. ఎవ్వరును గమనింపలేదు. చివరకు మడకశిరనుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు కఱ్ఱతో చూపి నవ్విరి. తెలుగు వరుసను మన బోర్డులనుండి తీసివేయుమని ఏ చట్టమును చెప్పలేదు, సోదరులారా. చదువువాడు లేక అది తనంతట తాను రాలిపోవుచున్నది.

గత సంక్రాంతికి ముందు తిరుమణి వైపునుండి ఒక యువకుడు అంగడికి వచ్చెను. నేను లేను, మా అబ్బాయి యుండెను. "సావుకారీ, మా నాయన పేరున బాకీ ఏమన్నా ఉందేమో చూడప్పా. పోయేముందు చెప్పిపోయినాడు" అనెనట. మా వాడు పాత ఆవర్జాలు దింపినాడు. దుమ్ము దులిపినాడు. తెరచినాడు. ఒక్క అక్షరము చదువలేకపోయినాడు. మా నాయనగారి చేతివ్రాత, తెలుగు లిపి. మా వానికి కన్నడము వచ్చును, ఇంగ్లీషు వచ్చును. ఇంటిలో తెలుగే మాటాడును. కాని తాత వ్రాసిన పద్దు వానికి గోడమీది చీమలబారువలె కనిపించినది. ఆ యువకుడు బల్లమీద కూర్చుండి గంటసేపు వేచియుండెను.

నేను వచ్చి వెదకితిని. 2002వ సంవత్సరము, విత్తనకాయలు, 1,840 రూపాయలు. ఆ యేడు పంట రాలేదు. మూడేండ్లకే కాలదోషము పట్టిన పద్దు. ఏ కోర్టులోను చెల్లదు. "వడ్డీ వద్దప్పా, అసలు చాలు" అంటిని. అతడు లెక్కపెట్టి ఇచ్చి, "కొట్టెయ్యి, నేను చూడల్ల" అనెను. అతని కన్నుల యెదుట గీత కొట్టితిని. "ఇది మా నాయన పేరేనా?" అని అక్షరములమీద వ్రేలుపెట్టి అడిగెను. అతనికిని తెలుగు చదువరాదు. నేను ఔననిన మాటను నమ్మి వెడలిపోయెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను పోయిన పిదప ఆ ఆవర్జాలు తూకమునకు వేయవలసిన కాగితములు మాత్రమే గదా అని తోచినది.

ఇప్పుడు మన చదువుటిల్లు సంగతి. మనము అద్దెకున్న గదిని సెల్‌ఫోనుల దుకాణమునకిచ్చిన రెండింతలు వచ్చునని ఇంటి యజమాని చెప్పినారు. వారిని నేను తప్పుపట్టను. నా గదియైనను నేనట్లే లెక్కవేయుదును. సంఘములో కొందరు, చదువువారే లేనప్పుడు గదియెందుకు, పుస్తకములు పెట్టెలలో కట్టియుంచుదమని సలహా యిచ్చినారు. పెట్టెలో కట్టిన సరకును మరల విప్పిన వర్తకుని నేను చూడలేదు.

కనుక నా గోదామును మూడేండ్లపాటు అద్దె లేకుండ సంఘమునకు ఇయ్యదలచితిని. మా అబ్బాయితో మాటాడితిని. సగము గోదాములో కట్టెగానుగ పెట్టుదమని వాని కోరిక. మిగిలిన సగము మనకు చాలును. గానుగ చప్పుడు కొంచెముండును, సహింపవలెను. సాయంకాలము ఏడు గంటలకు గానుగ ఆపిన తరువాత ఒక గంట పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుటకు ఇద్దరు ఉపాధ్యాయులు ఒప్పుకొన్నారు. తొలి విద్యార్థి మా అబ్బాయియే. పాఠ్యపుస్తకము మా నాయనగారి ఆవర్జా.

పైకప్పున రెండు రేకులు మార్చవలె. ఎలుకల బాధ ఉన్నది. పుస్తకములకు ఇనుప బీరువా ఒకటి కావలె. వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు గోదాము తాళము తీయుదును. చీపురు, గుడ్డ తెచ్చువారు తెండు. ఉప్మా మా యింటినుండి వచ్చును.