ఇంటి వ్యాపారం – ఇంటర్నెట్ దుకాణం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టడం, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవడం గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. డెబ్బై దాటిన గుమాస్తాకు ఈ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళలో కోడళ్ళు, మనుమలు పచ్చళ్ళో, పొడులో, కుట్టుపనో మొదలుపెడుతున్నారు. పెట్టుబడి మాత్రం తరచుగా మన గ్రాట్యుటీ సొమ్ములో నుండే పోతున్నది. సొమ్ము మనదైనప్పుడు లెక్క కూడా మనకు తెలియాలి గదా.

దూరపు బేరం ఇల్లందుకు కొత్త కాదు. 1889లో ఇక్కడ బొగ్గు తీయడం మొదలైనాక మన ఊరి సరుకు రైలెక్కి ఊళ్ళు దాటింది. ఇటీవల 2022లో భద్రాచలం సీతారాముల కల్యాణ తలంబ్రాలను రోడ్డు రవాణా సంస్థ వారు 80 రూపాయలకు బుక్ చేసుకొని భక్తుల ఇళ్ళకు చేర్చారు. భద్రాచలం గిరిజన మహిళలు చిరుధాన్యాలతో చేస్తున్న ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కట్లు లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనే చెప్పారు. కాబట్టి మన సరుకుకు గిరాకీ ఉన్నది. దానిని అందుకొనే పద్ధతి తెలియాలి.

మన కాలంలో వి.పి.పి. ఉండేది. పోస్టుమాన్ పార్శిలు ఇచ్చి డబ్బు పుచ్చుకొంటే, అది మనియార్డరుగా అమ్మినవారికి చేరేది. కొనేవారికీ అమ్మేవారికీ ముఖపరిచయం లేదు. ఇద్దరూ తపాలా శాఖను నమ్మేవారు. ఆన్‌లైన్ చెల్లింపులో ఆ మధ్యవర్తిని పేమెంట్ గేట్‌వే అంటారు. ఈ సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో నిబంధనలు విధించింది. అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోనే ఉంటుంది. అందులో పేరు చూసుకొన్న తర్వాతే దరఖాస్తు చేయాలి.

ఇక పని వరుస చెబుతాను. మొదటిది పేరు. దీనిని డొమైన్ అంటారు. ఇది శాశ్వత పట్టా కాదు, ఏక్‌సాల్ కౌలు వంటిది. గడువు లోపల రుసుము కట్టకపోతే చివరికి వేరొకరు తీసుకోవచ్చు. వెబ్‌సైటు తయారుచేసే కుర్రవాడు తన పేరుతో నమోదు చేసుకొంటే, రేపు అతను ఊరు విడిచిపోయినప్పుడు దుకాణం తాళంచెవి అతనితోనే పోతుంది. అందువలన నమోదు, ఇ-మెయిలు, పాస్‌వర్డు మన ఇంటివారి పేరు మీదనే ఉండాలి.

రెండవది వెబ్‌సైటులో ఏమి వ్రాయాలన్నది. సరుకు ఫొటో, తూకం, ధర, పార్శిలు ఖర్చు, చిరునామా, ఫోను, సరుకు వాపసు నిబంధన, ఫిర్యాదు ఎవరికి చేయాలో స్పష్టంగా ఉండాలి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు కోరేది కూడా ఇదే తరహా వివరం. తినుబండారాలకు ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషను కావాలి. ఇతర రాష్ట్రాలకు పంపాలంటే జి.ఎస్.టి. సంగతి ఆడిటరును ముందే అడగాలి. తేనె, ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయమైతే అటవీ శాఖను, గిరిజన సహకార సంస్థను విచారించాలి.

మూడవది డబ్బు. గేట్‌వే వారు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు అడుగుతారు. రుసుము నూటికి రెండు రూపాయలనుకుందాం. 500 రూపాయల పచ్చడి సీసాకు రుసుము 10 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. పడితే అది వేరు. జి.ఎస్.టి. పడకపోతే చేతికి వచ్చేది 490 రూపాయలు. అది కూడా సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాతే ఖాతాలో పడుతుంది. ధర నిర్ణయించేటప్పుడే ఇది కలుపుకోవాలి. నెలకు పది సీసాలు అమ్మేవారికి అసలు వెబ్‌సైటే అక్కరలేదు. వాట్సాప్‌లో ఆర్డరు, యుపిఐ క్యూఆర్ కోడు చాలు. బేరం పెరిగిన తర్వాత వెబ్‌సైటు పెట్టుకోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి. పింఛను పడే ఖాతాను వ్యాపారానికి ఇవ్వకండి. మోసగాడు ఎవరి సొమ్మో కాజేసి, దానితో మన దగ్గర సరుకు కొన్నాడనుకోండి. సొమ్ము పోగొట్టుకొన్నవారు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు చేరిన ఖాతాను కూడా పోలీసుల ఆదేశంపై బ్యాంకు నిలిపివేయవచ్చు. మన తప్పేమీ లేకపోయినా విచారణ తేలేదాకా మందులకూ, పాలవానికీ ఇబ్బంది పడాలి. వ్యాపారం చేసే కోడలి పేరుతోనో, కొడుకు పేరుతోనో వేరే ఖాతా తెరిపించండి. ట్రెజరీలో ఒక పద్దు సొమ్ము మరో పద్దులో కలిపితే ఎంత రభస జరిగేదో మీకు చెప్పనక్కరలేదు!

డబ్బు పంపామని చూపే ఫొటోను నమ్మి పార్శిలు కట్టవద్దు. మన ఖాతాలో జమ కనబడిన తర్వాతే కట్టాలి. డబ్బు రావడానికి పిన్ గాని, ఓటీపీ గాని అవసరం లేదు. అడిగినవాడు మోసగాడే. ఒకవేళ మోసం జరిగితే సిగ్గుపడి దాచవద్దు. ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము మరొకచోటికి దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది.

యంత్రం పిల్లలు నడుపుతారు, మన వంతు క్యాష్‌బుక్. ప్రతి సాయంత్రం ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎన్ని పార్శిళ్ళు పోయాయి, బ్యాంకులో ఎంత పడింది అని మూడు వరుసలు సరిచూడండి. పార్శిలు రసీదులు ఫైలు చేయండి. సరుకు అందలేదని ఎవరైనా డబ్బు వెనక్కి కోరితే మనకు ఆధారం ఆ రసీదే. ముప్పై ఏళ్ళు ప్రభుత్వానికి చేసిపెట్టిన పనిని ఇప్పుడు ఇంటికి చేసిపెడదాం.