గోల్ఫ్ ఆటలో నిలకడ
(సాంస్కృతికోత్సవాల యువజన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీత నృత్యాల నడుమ గోల్ఫ్ మీద ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. డర్బన్‌లో పుట్టి పెరిగిన మనకు ఆ ఆటతో ఉన్న సంబంధం చిన్నది కాదు. పాప్వా సెవ్‌గోలమ్ తెలుగువారు కారు గాని మన ఊరివారు. బీచ్‌వుడ్‌లో క్యాడీగా ఇతరుల సంచులు మోసిన ఆ మనిషి 1959లో, 1960లో, తిరిగి 1964లో డచ్ ఓపెన్ గెలిచారు. 1963లో నేటాల్ ఓపెన్ గెలిచిననాడు, వర్ణ వివక్ష కారణంగా ఆయనను క్లబ్బు భవనంలోకి రానివ్వక, బయట వానలో కప్పు చేతికిచ్చారు. 1965లో అదే పోటీలో గేరీ ప్లేయర్‌ను ఓడించారు. అటుపిమ్మట ఆయనకు పోటీల తలుపులే మూసివేశారు. 1978లో కన్నుమూశారు.

ఈనాడు డ్రైవింగ్ రేంజ్ గుమ్మంలో మన పిల్లలను ఆపేవారు లేరు. డబ్బు కట్టి బకెట్ బంతులు తెచ్చుకోవడమే. అందుచేత ఆ బంతులను మనవాళ్ళు ఎలా ఖర్చు చేస్తున్నారన్నది నాకు పట్టింపుగా ఉంది.

సాధారణంగా జరిగేదేమిటి? కుర్రవాడు వస్తాడు, డ్రైవరు తీస్తాడు, యాభై బంతులూ ఒకే దిక్కుకు ఊపిరాడకుండా బాదుతాడు. ఇరవయ్యో బంతి నుంచి దెబ్బ కుదురుతుంది. సంతోషంగా ఇంటికి పోతాడు. ఆదివారం మైదానంలో మొదటి బంతే చెట్లలోకి! ఎందుకంటే మైదానంలో ఇరవయ్యో బంతి అంటూ లేదు. ప్రతి బంతీ మొదటిదే. డ్రైవరు కొట్టిన వెనువెంటనే ఇనుప కర్ర, ఆపైన వెడ్జ్, ఆపైన పట్టర్. ఒకే దెబ్బ వరుసగా రెండుసార్లు రావడమే అరుదు.

1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికలు నేర్పి చూశారు. ఒక్కొక్కదానినే వరుసగా చేసినవారు సాధనలో ముందున్నారు. కలగలిపి చేసినవారు సాధనలో తడబడ్డారు గాని పది రోజుల తరువాత పరీక్షిస్తే వారిదే పైచేయి. సంగీతం నేర్చుకునే మన అమ్మాయిలకు ఇది కొత్త కాదు. ఆది తాళంలో సరళీ వరుసలు కుదిరాక అలంకారాలను ఏడు తాళాల్లో పాడించేది ఎందుకు?

కనుక మొదటి పది పదిహేను బంతులు ఒకే కర్రతో కొట్టండి, ఒళ్ళు సడలాలి. పిమ్మట మీకు తెలిసిన మైదానాన్ని మనసులో పెట్టుకొని దానినే ఆడండి. ఫలానా జెండా లక్ష్యం, ఈ కర్ర; తరువాతి బంతికి వేరే జెండా, వేరే కర్ర. ప్రతిసారీ వెనక్కు వచ్చి, గురి చూసి, కాళ్ళు కొత్తగా సర్దుకోండి. గురి సరిచూడడానికి నేలమీద ఒక కర్రను పాదాలకు సమాంతరంగా పరిస్తే చాలు. ఇలా ఆడితే ముప్పై బంతులకే గంట పడుతుంది. పట్టనివ్వండి.

చాప విషయం ఒకటి చెప్పాలి. రేంజ్‌లోని రబ్బరు చాప మొగమాటం ఎక్కువ గలది. కర్ర బంతికి రెండంగుళాలు వెనుక తగిలినా చాపమీద జారి బంతిని లేపుతుంది. పచ్చికమీద అదే దెబ్బ మట్టిని తవ్వుతుంది. గడ్డి ఉన్న చోటు దొరికితే అక్కడే నిలబడండి.

నిలకడ అంటే ప్రతి బంతీ ఒకే చోట పడడం కాదు. అది ఎవరికీ సాధ్యం కాదు. ఏడో నంబరు ఇనుపకర్రతో పది బంతులు కొట్టి, అవి ఎంత వెడల్పున చెదిరాయో రాసుకోండి. అన్నింటికన్నా దూరం పోయిన బంతిని లెక్కకు తీసుకోకండి. మనవాళ్ళు దానినే పది రోజులు చెప్పుకుంటారు! చెదిరిన వెడల్పు నెలనెలా తగ్గుతున్నదా, అదే చూడవలసినది. మన ఊళ్ళో ఒకపూట ఈశాన్యపు గాలి, మరొకపూట నైరుతి గాలి. అందుచేత గాలి కూడా రాసుకోవాలి.

మరొక లెక్క. పార్ 72 మైదానంలో గుంటకు రెండు చొప్పున 36 దెబ్బలు పట్టర్‌వే. రేంజ్‌లో డ్రైవరుతోనే కాలమంతా గడిపేవారు సగం ఆటను వదిలిపెట్టినట్టే. నా మాట వింటే, పిల్లలకు సగం బకెట్ బంతులే కొనిపెట్టి, మిగిలిన సమయం పట్టింగ్ గ్రీన్ మీద గడపనివ్వండి.

పట్టు చూడముచ్చటగా లేదని పిల్లలను విసిగించే తండ్రులకు ఒక మాట. కుడిచేతి ఆటగాళ్ళు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉంచుతారు. పాప్వాగారిది తిరగేసిన పట్టు. కుడి పైన, ఎడమ కింద. గేరీ ప్లేయర్‌ను ఓడించింది ఆ పట్టే.

వచ్చే శనివారం ఉదయం కొందరం రేంజ్‌కు పోతున్నాం. కర్రలు లేనివారు కూడా రావచ్చు, అక్కడ అద్దెకు దొరుకుతాయి. ఆడపిల్లలను కూడా తీసుకురండి. సెలవు.