లోడు పెట్టి కొలవండి

మీరు చేసిన నీటిట్యాంకు అలారంలో రిలే ‘టక్’మనగానే బోర్డు రీసెట్ అవుతోందనుకోండి. మైక్రోకంట్రోలరు పోయిందని కొత్తది కొనకండి. అలా మూడేసి చిప్పులు మార్చిన పిల్లల్ని చూశాను! రిలే ఆగివున్నప్పుడు మీటరు 5 వోల్టులే చూపుతుంది, అందుకే సప్లయి మీద అనుమానం రాదు.

లెక్క చూద్దాం. 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు శిఖర విలువ సుమారు 8.5 వోల్టులు. బ్రిడ్జి డయోడ్లు దాదాపు 1.4 మింగేస్తే మిగిలేది 7.1. 7805 రెగ్యులేటరుకు ఇన్‌పుట్‌లో 7 వోల్టుల వరకూ కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెపాసిటరు 10 మిల్లీసెకన్లకోసారి నిండుతుంది. ఈలోగా 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు నుంచి 100 మిల్లీఆంపియర్లు లాగితే వోల్టేజి దాదాపు 1 వోల్టు దిగుతుంది. అంటే 6.1! డీసీ మీటరు చూపేది సగటు. ఈ పల్లం దానికి కనబడదు.

కనుక రిలే పనిచేస్తుండగా రెగ్యులేటరు ఇన్‌పుట్ కొలవండి. 7 దరిదాపుల్లో ఉంటే దొంగ దొరికినట్టే. (రిలే ఆగేటప్పుడు రీసెట్ అయితే అది వేరే జబ్బు, కాయిలుకు డయోడు ఉందో లేదో చూడండి.) ప్లగ్గు తీసేసి, 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. 7805 కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, హీట్‌సింక్ బిగించండి.