కుటుంబపు కారు భీమాను విడుచు బిడ్డలకు దక్కని తగ్గింపు



విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఈ వేదికపై ప్రసంగించువారు పెక్కండ్రు కలరు. మేము కారు భీమాను గూర్చి మాటలాడ నెంచితిమనగానే కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని మన కుటుంబములు కొన్ని నేడు బ్రిటను దేశమున స్థిరపడియున్నవి. అచటి బిడ్డలు 17వ యేట కారు నడుపుటకు లైసెన్సు పొంది, చదువు ముగిసి వేఱింట కాపురముండి, మొదటిసారి తమ పేరిట భీమా చేయబోయినపుడు ప్రీమియము విని నివ్వెఱపోవుచున్నారు. ఇన్నియేండ్లు జాగ్రత్తగా నడిపిన దంతయు ఏమైనదని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు.

మన దేశమున కారునకు భీమా యున్నచో, యజమానుని యనుమతితో, తగిన లైసెన్సు కలవా డెవడు నడిపినను సామాన్యముగా అది వర్తించును. బ్రిటనులో సాధారణముగా పాలసీలో పేరు వ్రాయబడినవారికే రక్షణ. కాన తండ్రి తన పాలసీలో భార్యాబిడ్డల పేర్లు చేర్పించును. ఇంతవఱకు చిక్కు లేదు.

బిడ్డ విడివడునాడే చిక్కు. కూతురు తండ్రి కారును నాలుగేండ్లు గీతయైన పడకుండ నడిపెననుకొందము. క్లెయిము లేనందున వచ్చు తగ్గింపు తండ్రి లెక్కలోనే జమయగును. ఏలయన నో క్లెయిమ్ తగ్గింపు పాలసీదారునిదే గాని, కారుది కాదు, పేరు చేర్చబడిన చోదకునిది కాదు. మన దేశమునను సూత్ర మిదియే. ఇచట స్వంత నష్టపు ప్రీమియముపై మొదటి యేడు 20 శాతముతో ఆరంభమై, వరుసగా 5 యేండ్లు క్లెయిము లేనిచో 50 శాతము వఱకు పెరుగు బోనసును తండ్రి కొడుకున కీయజాలడు. తండ్రి గతించి, ఆ కారు భార్యకో బిడ్డలకో తల్లిదండ్రులకో చేరినప్పుడు మాత్రము అది వారికి సంక్రమించును. తండ్రి పోయిన దక్కునది తండ్రి యుండగా దక్కదన్నమాట!

మన యిండ్లలో పాలసీ, బ్యాంకి ఖాతా, ఇంటి పత్రము సమస్తమును పెద్దవాని పేరనే యుండుట వాడుక. దీనివలన అధికముగా నష్టపోవునది స్త్రీ యని మా యభిప్రాయము. కన్నవారింట తండ్రి పాలసీలో నొక పేరు, మెట్టినింట భర్త పాలసీలో నొక పేరు. ఇరువదియేండ్లు నడిపినను ఆమెకు స్వంతముగా తగ్గింపు సున్న.

బ్రిటనులో కొన్ని కంపెనీలు పేరు చేర్చబడిన చోదకుల మంచినడతను కూడ లెక్కించును గాని, తఱచుగా అదే కంపెనీలో క్రొత్త పాలసీ తీసికొన్నవారికే ఆ లాభము. కాన ఇల్లు విడుచుటకు ముందే, ఎన్నియేండ్లు పాలసీలో పేరున్నదో, క్లెయిములేవియు లేవో, కంపెనీచే వ్రాతపూర్వకముగా తీసికొని, పలుచోట్ల ధర విచారింపవలెను. దరఖాస్తులో స్వంత తగ్గింపు ఎన్నియేండ్లన్న ప్రశ్నకు సున్న యనియే వ్రాయవలెను. పరుల పాలసీపై నడిపిన యనుభవము వేఱు ప్రశ్న; దానికి నాలుగని వ్రాయవచ్చును. స్వంతముగా నార్జించిన తగ్గింపును సైతము, పాలసీ ముగిసిన రెండేండ్లకు మించినచో పెక్కు కంపెనీ లంగీకరింపవు. మూడేండ్లు స్వదేశమున నుండి తిరిగిపోవువా రిది గమనింతురుగాక.

ఇక ప్రేమచే జరుగు ఒక దోషము. కొడుకు దినదినము నడుపు కారునకు తండ్రియే ముఖ్యచోదకుడని వ్రాయించుట. దీనిని అచట ఫ్రంటింగు అందురు. ఇది మోసముగా నెంచబడును. కంపెనీ పాలసీని రద్దుచేసి క్లెయిమును నిరాకరింపవచ్చును. భీమా లేక నడిపినట్లు తేలినచో సాధారణముగా 300 పౌనుల జుల్మానా, లైసెన్సుపై 6 పాయింట్లు. పరీక్షలో గెలిచిన రెండేండ్లలో 6 పాయింట్లు వచ్చినచో, 1995 నాటి చట్టము ప్రకారము లైసెన్సే రద్దగును. మరల నేర్చుకొనువాడై పరీక్షల కూర్చుండవలెను. ఇంత చేసినను కొడుకునకు తగ్గింపు మాత్రము చేరదు.

మే మాలోచించినంతలో మేలైన మార్గము దీనికి తలక్రిందులైనది. బిడ్డయే ముఖ్యముగా నడుపు చిన్నకారును బిడ్డ పేరనే భీమా చేయించి, అప్పుడప్పుడు నిజముగా నడుపు తల్లినో తండ్రినో అందు చేర్పించుట. అనుభవముగల పెద్దల పేరు చేరుటవలన ప్రీమియము పెక్కుసార్లు తగ్గును. తగ్గింపు మొదటి యేటినుండియే బిడ్డ పేర జమయగును. నడపడిని కనిపెట్టు పెట్టెను కారులో అమర్చుకొన్నచో కొన్ని కంపెనీలు ఇంకను తగ్గించును. మొదటి యేటి భారము మాత్రము తప్పదు. దానిని తండ్రి భరింపవచ్చును, అందు దోషము లేదు.

సభానంతరము పాలసీపత్రములు తెచ్చినవారికి, అందు ఎవరి పేరు ఏ హోదాలో నున్నదో చదివి చెప్పుటకు మేము వేదికప్రక్క గదిలో నుందుము.