మహాప్రస్థాన గీతము – దాని నడక

శ్రీశ్రీ వృత్తములను విడిచినాడు గనుక ఛందస్సునే విడిచినాడని తలచువారు నేటికిని గలరు. ఆ తలపే నిజమైనచో 'మహాప్రస్థానము' అను గీతము బిగ్గరగా వేసిన కేక మాత్రమే యగును. 1934లో పుట్టి, 1950లో అదే పేరి సంపుటమున కెక్కిన ఆ గీతము కేకయో కవితయో తేల్చుటకు వ్రేళ్ళపై మాత్రలు లెక్కించిన చాలును.

లఘువున కొకటి, గురువునకు రెండు. ఎత్తుగడలోని పిలుపు ఎనిమిది మాత్రలది. నాలుగు, నాలుగుగా విరుగును. మొదటి నాలుగింట లఘువు, గురువు, లఘువు. పిమ్మట రెండు గురువులు. కాలు తేలికగా ఎత్తి బరువుగా మోపినట్లుండును. గురజాడ 1910లో ముత్యాలసరముల కిచ్చినది మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి. కథ చెప్పుటకు ఆ ఊగు ఎంతయో హాయి. దండు నడచుటకు సరి అడుగులు కావలెను.

ఆ పిలుపు వరుసగా మూడు మారులు వినబడును. మొదటి రెండు మారులు క్రియ లేదు. చెవి ఎదురుచూచుచుండగా మూడవమారు క్రియ వచ్చి వాక్యము నిండును. దీనిని పునరుక్తి దోషమనరాదు. ఆ ఎదురుచూపే గీతమునకు తొలి కదలిక. అనుకరించినవారిలో పెక్కురు పునరుక్తిని గైకొని ఎదురుచూపును వదలిరి.

ప్రాస విషయము మరింత చిత్రము. మన పద్యములలో ప్రాస రెండవ అక్షరమున నుండి చెవిని పాదారంభమునకు లాగును. అంత్యప్రాస తరువాతి పాదమునకు నెట్టును. ముందునకు సాగుడని చెప్పుచోట శ్రీశ్రీ అంత్యప్రాసనే పట్టినాడు. అయితే ఆ వెంటనే నడకను, పాటను, గుండెలోని గర్జనను వరుసగా చెప్పునపుడు మూడు తునకలకును రెండవ అక్షరము దకారమే! త్రోసివేసెనని మన మనుకొన్న నియమము పల్లకి దిగి, కాలినడకన వచ్చి దండులో చేరినది. చలము 1940లో ఈ సంపుటమునకు వ్రాసిన 'యోగ్యతాపత్రము'ను మెచ్చువారు పెక్కురు. నా మట్టుకు ఈ దకారములే చాలిన యోగ్యతాపత్రము.

అచ్చటనే మరియొక విశేషము. మొదటి రెండు తునకలలో మాత్రలు ఎనిమిదికి తగ్గలేదు, హెచ్చలేదు. కాని పదములు మూడు, ఐదుగా విరిగినవి. మూడవ తునకలో మరల నాలుగు, నాలుగు. కన్నుతో చదువువారికి ఈ తేడా దొరకదు. శ్రోతలు పుస్తకము తెరచి, బల్లపై వ్రేలితో తాళము వేయుచు పైకి చదివి చూతురు గాక. ఎత్తుగడ తరువాతి పాదమున రెండవ తాళము సరిగా కొత్త మాటపై పడును. ఈ తునకలలో తాళము పడునప్పటికి మాట ఇంకను నోటిలో నడుమనే యుండును.